జెఫ్ డేవిస్ కౌంటీలో ఒకరి పాత క్రిమినల్ కేసు కాగితాలు ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న (ఇర్వింగ్ నుంచి)

నేను డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఉంటాను. పశ్చిమ టెక్సస్‌లో, జెఫ్ డేవిస్ కౌంటీలోని ఫోర్ట్ డేవిస్ పరిసరాల్లో మా బావగారితో కలిసి ఒక చిన్న మోటెల్ నడుపుతున్నాను. మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ చూడటానికి వచ్చేవారే మాకు ముఖ్యమైన ఆధారం. రాత్రిపూట కౌంటర్‌లో కూర్చుని నగదు పెట్టె, గదుల తాళాలు చూసుకునేందుకు స్థానికుడొకరిని తీసుకుందామనుకుంటున్నాము. తనమీద ఒకప్పుడు కేసు ఉండేదనీ, దాన్ని కొట్టేశారనీ ఆయనే దరఖాస్తులో రాశారు. మా బావగారు ఒక ప్రైవేటు వెబ్‌సైటుకు డబ్బు కట్టి వెతికితే మాత్రం 2017లో ఫెలనీ (అంటే పెద్ద నేరం) స్థాయి దొంగతనం అని వచ్చింది, తీర్పు ఉండవలసిన గడి ఖాళీగా ఉంది.

పెద్ద కౌంటీలలో కోర్టు కేసులను ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. ఇక్కడ నాకు అటువంటిదేదీ కనబడలేదు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఈ కౌంటీలో రెండు వేల మంది కూడా లేరు. అసలు రికార్డు ఎవరి దగ్గర ఉంటుంది, షెరీఫ్‌ను అడగాలా, కోర్టును అడగాలా, అడిగితే నాబోటి పరాయివాడికి ఇస్తారా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (ఎల్ పాసో నుంచి)

ఒక న్యాయవాది కార్యాలయంలో చుట్టుపక్కల కౌంటీల నుంచి కోర్టు కాగితాలు తెప్పించే పని నాది. ముందుగా షెరీఫ్ సంగతి వదిలేయండి. షెరీఫ్ దగ్గర ఉండేది అరెస్టు వివరం, అంటే కథ మొదలైన చోటు. అది ఎలా ముగిసిందో కోర్టు క్లర్కు దస్త్రంలోనే ఉంటుంది. మన వైపు పోలీసు స్టేషన్ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకునే అలవాటు ఉండటం వల్ల చాలామంది తెలుగువారు ముందు పోలీసుల దగ్గరకే పోతారు, అక్కడ సగం సమాచారంతో తిరిగివస్తారు.

టెక్సస్‌లో ఫెలనీ కేసుల దస్త్రాలు డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర, క్లాస్ ఎ, క్లాస్ బి మిస్‌డిమీనర్లవి, అంటే ఫెలనీకన్నా చిన్న నేరాలవి, కౌంటీ క్లర్కు దగ్గర, జరిమానాతో పోయే క్లాస్ సి కేసులవి జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే చిన్న స్థానిక కోర్టులోనో మునిసిపల్ కోర్టులోనో ఉంటాయి. దొంగతనం ఏ తరగతికి చెందుతుందో సాధారణంగా పోయిన సొత్తు విలువను బట్టి తేలుతుంది. 2015 సెప్టెంబరు 1 నుంచి 2,500 డాలర్లు, ఆపైన 30,000 లోపు అయితే స్టేట్ జైలు ఫెలనీ, అంటే ఫెలనీలలో అన్నిటికన్నా కింది మెట్టు. ఎనిమిది వేల లోపు జనాభా ఉన్న కౌంటీలలో ఈ ఇద్దరు క్లర్కుల పనీ ఒకరే చేస్తారు కాబట్టి జెఫ్ డేవిస్ విషయంలో మీకు ఫోర్ట్ డేవిస్‌లోని ఒక్క కార్యాలయం చాలు. ఇక్కడి ఫెలనీలు విచారించే 394వ డిస్ట్రిక్ట్ కోర్టు జడ్జి బ్రూస్టర్, కల్బర్సన్, హడ్‌స్పెత్, జెఫ్ డేవిస్, ప్రెసిడియో అనే అయిదు కౌంటీలకూ కలిపి ఒక్కరే అయినా, ఏ కౌంటీ దస్త్రం ఆ కౌంటీ క్లర్కు దగ్గరే ఉంటుంది. మనిషి ఫోర్ట్ డేవిస్‌వాడే కావచ్చు, నేరం ఆల్పైన్‌లో జరిగిందని ఆరోపణ అయితే కాగితాలు బ్రూస్టర్ కౌంటీలో ఉంటాయి. అందుకని రెండు చోట్లా అడగండి.

ఫోన్ చేసినప్పుడు పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు చూడాలో చెప్పండి. అక్కడ చాలామందికి తల్లి ఇంటిపేరు, తండ్రి ఇంటిపేరు రెండూ ఉంటాయి, సూచికలో ఏది ఎక్కించారో చెప్పలేము కనుక రెండింటి కిందా వెతకమనండి. కేసు నంబరు దొరికాక అభియోగపత్రం, చివరి ఉత్తర్వు, ఈ రెండింటి నకళ్లు అడగండి. సాధారణంగా పేజీకి ఒక డాలరు చొప్పున తీసుకుంటారు. మీరెవరు, ఎందుకు అని అడిగే పని వారికి లేదు, ఎందుకంటే ముద్ర వేసి మూసేసినవీ, బాలలవీ తప్ప కోర్టు దస్త్రాలు అందరూ చూడదగ్గవే. అయితే ఆ ఉత్తర్వుకు అర్థమేమిటని మాత్రం క్లర్కును అడగవద్దు, చెప్పే అధికారం వారికి లేదు.

రాష్ట్ర ప్రజాభద్రతా శాఖ, అంటే డీపీఎస్ వెబ్‌సైటులో కూడా పేరుతో వెతకవచ్చు, ఒక్కో వెతుకులాటకు డాలరు పైచిలుకు అవుతుంది. టెక్సస్‌లోని 254 కౌంటీల శిక్షలూ అందులో చేరాలన్నది చట్టం. చిన్న కౌంటీల నుంచి ముగింపు వివరాలు ఆలస్యంగా చేరడం నేను చూస్తూనే ఉంటాను కాబట్టి నేను దాన్ని దారి చూపడానికే వాడతాను, ఆఖరి మాటగా తీసుకోను.

జవాబు (ఆస్టిన్ నుంచి)

ఉద్యోగులను తీసుకునే పనిలో ఉన్నదాన్ని కనుక ఒక హెచ్చరిక చేస్తాను. మీ బావగారు వాడిన వెబ్‌సైటు అడుగున, ఉద్యోగ నిర్ణయాలకు దీన్ని వాడరాదని చిన్న అక్షరాలలో రాసి ఉంటుంది, ఒకసారి చూడండి. డబ్బు తీసుకుని ఇతరుల గురించి నివేదికలిచ్చే సంస్థల సమాచారంతో ఉద్యోగం ఇవ్వాలా వద్దా అని తేల్చాలంటే 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం ముందుగా విడి కాగితం మీద ఆ సంగతి తెలియజేసి అభ్యర్థి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, కాదనాలనుకుంటే ఆ నివేదిక నకలును ముందే ఆయన చేతికివ్వాలి. మీరే స్వయంగా కోర్టు దస్త్రం చూసుకుంటే ఆ చట్టం అడ్డు రాదు. అయినా చూడబోతున్నానని ఆయనకు ఒక మాట చెప్పడం మర్యాద.

క్లర్కు ఏమీ లేదని చెప్పినంత మాత్రాన వెబ్‌సైటుదే అబద్ధమనీ అనుకోకండి, ఆ మనిషి మీద ఏనాడూ కేసు లేదనీ అనుకోకండి. కేసు వేరే కౌంటీలో ఉండి ఉండవచ్చు, కోర్టు ఆ రికార్డును మూసివేసి ఉండవచ్చు, లేదా అది అదే పేరున్న మరొకరిది కావచ్చు. మూసివేసిన కేసు గురించి ప్రైవేటు యజమానికి చెప్పనవసరం లేదని టెక్సస్ చట్టమే అంటుంది.

జవాబు (ఇర్వింగ్ నుంచి, ప్రశ్న అడిగినవారు)

మీరు చెప్పినట్టే ఆయనకు తెలియజేసి ఫోన్ చేశాను. ఆయన ముందుగానే కేసు నంబరు రాసిన చీటీ ఫోటో తీసి పంపారు, దానితో పని తేలికయింది. ఒక ర్యాంచి షెడ్డు నుంచి వెల్డింగ్ యంత్రం, కొన్ని పనిముట్లు తీసుకుపోయారన్నది అభియోగం, విలువ 2,500 దాటిందని ఉంది కాబట్టి ఫెలనీ. 2017లో నేరం ఒప్పుకున్నట్టూ, జడ్జి తీర్పును వాయిదా వేసి మూడేళ్ల పర్యవేక్షణ విధించినట్టూ, 2020లో ఆ గడువు ముగిశాక కేసు కొట్టివేసి ఆయన్ను విడుదల చేసినట్టూ ఉత్తర్వులలో ఉంది. సొత్తు యజమానికి సొమ్ము చెల్లించినట్టు కూడా ఒక కాగితం ఉంది. ఇప్పుడు ఈయన దోషి అయినట్టా, కానట్టా? మా బావగారు, నేను దీనిమీదే వాదించుకుంటున్నాము.

జవాబు (ఎల్ పాసో నుంచి)

దీన్ని డిఫర్డ్ అడ్జుడికేషన్ అంటారు. నేరం ఒప్పుకున్నా దోషి అని ప్రకటించకుండా పక్కన పెట్టి, షరతులన్నీ పాటిస్తే కేసు కొట్టివేస్తారు. టెక్సస్ చట్టం దృష్టిలో ఇది సాధారణంగా శిక్ష పడినట్టు కాదు. కాబట్టి ఫెలనీ అన్న వెబ్‌సైటు మాటా, కొట్టేశారన్న ఆయన మాటా రెండూ నిజమే. అయితే కేసు కొట్టివేసినంత మాత్రాన దస్త్రం చెరిగిపోదు, డీపీఎస్‌లోనూ అది కనబడుతూనే ఉంటుంది. ఇటువంటి ఫెలనీ అయితే విడుదలైన అయిదేళ్ల తరువాత, ఇతర అర్హతలుంటే, రికార్డును బయటివారికి చూపకుండా ఉత్తర్వు ఇమ్మని ఆయన కోర్టును కోరవచ్చు.

ఉద్యోగం ఇవ్వడం మీ ఇష్టం. నన్నడిగితే, అడక్కుండానే తన కేసు సంగతి రాసి, నంబరు కూడా పంపిన మనిషిని పిలిచి మాట్లాడతాను. సమాన ఉపాధి అవకాశాల కమిషన్ 2012 మార్గదర్శకాలు కూడా నేరం స్వభావం, గడిచిన కాలం, చేయబోయే పని, ఈ మూడింటినీ కలిపి చూడమంటాయి. నగదు పెట్టె ఆయన చేతికి ఇస్తున్నారు కనుక మీ బావగారి సందేహాన్నీ నేను తీసిపారేయను.

జవాబు (లబ్బక్ నుంచి)

ఇది చదివే విద్యార్థుల కోసం ఒక మాట. కేసు మీదే అయి, మీరింకా ఇక్కడి పౌరులు కాకపోతే, పైన చెప్పిన డిఫర్డ్ అడ్జుడికేషన్ మీకు వేరేగా పనిచేస్తుంది. నేరం ఒప్పుకుని, పర్యవేక్షణో జరిమానానో పడితే వలస చట్టం దాన్ని శిక్ష పడినట్టే లెక్కిస్తుంది, తరువాత కేసు కొట్టివేసినా సరే. సూపర్ మార్కెట్‌లో చిన్న వస్తువు కోసం మొదలైన కేసు గ్రీన్‌కార్డు దగ్గర అడ్డం తిరగడానికి కారణం ఇదే. పౌరసత్వానికి వేసే ఎన్-400 దరఖాస్తులో మూసివేసిన కేసులు కూడా చెప్పాలి, చివరి ఉత్తర్వు సర్టిఫైడ్ నకలు జతచేయాలి.

టెక్సస్‌లో ఎక్స్‌పంక్షన్ ఉత్తర్వు వస్తే దస్త్రాన్ని తీసివేస్తారు, ఆ తరువాత క్లర్కును ఎంత బతిమాలినా కాగితం రాదు. కాబట్టి ఆ అర్జీ పెట్టకముందే సర్టిఫైడ్ నకళ్లు కొన్ని ఎక్కువగానే తీసుకుని దాచుకోండి. మన పేర్లు ఇంటిపేరు ముందో వెనకో తెలియక అరెస్టు రోజున తారుమారుగా ఎక్కించి ఉంటారు, క్లర్కుకు ఉత్తరం రాసేటప్పుడు ఆ రెండు రూపాలూ, పాస్‌పోర్టులో ఉన్న రూపమూ రాయండి. చిన్న కార్యాలయాలలో కొన్ని కార్డు తీసుకోవు, ముందుగా ఫోన్ చేసి కనుక్కుని మనీఆర్డరు, స్టాంపు అంటించిన తిరుగు కవరు జతచేయండి.