వెదురు గాలం కర్రకు వార్నిషా, లిన్సీడ్ ఆయిలా? దారం ఎప్పుడు చుట్టాలి?

ప్రశ్న (నల్గొండ):
ఉదయసముద్రంలో జెల్లలు, బొచ్చెల కోసం వెదురు కర్ర ఒకటి సొంతంగా చేసుకుంటున్నా. మేదరివాళ్ల దగ్గర లోపల బోలు తక్కువున్న గడ ఏరి తెచ్చి, నీడన బాగా ఎండబెట్టి, వంకరలకు సెగ చూపి సాపు చేశా. ఇప్పుడు ఫినిషింగ్ దగ్గర ఆగిపోయా. ఒకరు వార్నిష్ అంటారు, ఇంకొకరు లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) చాలంటారు. పై తొక్కంతా గీకేయాలా? రీల్ పెడుతున్నా కాబట్టి గాలం తీగ పోయే రింగులు తప్పవు, వాటిని కర్రకు కట్టే దారం ముందు చుట్టాలా, వార్నిష్ అయ్యాకనా? రెడీమేడ్ కొనుక్కోమని మాత్రం చెప్పకండి అన్నా.

జవాబు (దేవరకద్ర):
తొక్క గీకకు తమ్మీ. వెదురు బలమంతా పైపొరలోనే ఉంటుంది, నార అక్కడే దట్టం, లోపలికి పోయేకొద్దీ మెత్తన. కణుపుల దగ్గర లేచిన అంచును మాత్రం సన్న ఆకురాయితో చుట్టూ తిప్పుతూ తీసెయ్. కళ్లు మూసుకుని వేలు పోనిస్తే ఎక్కడా తట్టకూడదు. మిగతాదంతా 320 నంబరు సాండ్ పేపర్‌తో మెరుపు చచ్చేదాకా పొడవునా తేలిగ్గా రుద్దితే చాలు. ఆ నునుపు అలాగే ఉంచితే వార్నిష్ పట్టక పొరలుగా లేస్తుంది.

జవాబు (కొల్లాపూర్):
పొద్దంతా నీళ్ల దగ్గరుండే కర్రకు నా ఓటు వార్నిష్‌కే. నూనె చూడ్డానికి బాగుంటుంది కానీ తేమను అంతగా ఆపదు. మొదటి కోటులో కొద్దిగా టర్పెంటైన్ కలిపి పల్చగా, గుడ్డతో లాగినట్టు పుయ్యి. మందంగా పూస్తే పైన ఆరినట్టుండి లోపల జిగురుగానే ఉంటుంది, ముసురు రోజుల్లో మరీను. ఒక్కో కోటుకి కనీసం ఒక రోజు ఇవ్వు, మధ్యలో 400 నంబరుతో పైపైన రుద్ది దుమ్ము తుడువు. మూడు పల్చటి కోట్లు చాలు, కొస దగ్గర ఇంకా తక్కువే, లేకపోతే ఆ వంపు మొద్దుబారుతుంది. ఆరేటప్పుడు గోడకి ఆనించకు, దూలానికి నిలువుగా వేలాడదీయ్.
నూనే కావాలనుకుంటే డబుల్ బాయిల్డ్ తీసుకో, పచ్చి నూనె ఆరడానికి చాలా రోజులు పడుతుంది. ఆ నూనె గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూలన పడేయొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి బయట ఆరేయ్.

జవాబు (మిర్యాలగూడ):
దారం సంగతి ఎవరూ చెప్పలేదు. కర్రకి రెండు కోట్లు ఆరాక రింగులు కట్టు. రింగు కాళ్ల చివర్లు ఆకురాయితో పల్చగా అరగదీయ్, అప్పుడే దారం మెట్టు లేకుండా పైకెక్కుతుంది. చుట్టుకి చుట్టు ఆనుకుని రావాలి. చివర ముడి వెయ్యకు. ఆఖరి ఏడెనిమిది చుట్ల కింద ముందే ఒక దారపు ఉచ్చు పెట్టుకుని, కొసను అందులో దూర్చి లాగేస్తే లోపలికి పోతుంది. ఆ మీద దారం పూర్తిగా తాగేదాకా వార్నిష్ పట్టించు. రంగు ముదురుతుంది, అందుకే ముందు ఒక ముక్క మీద చూసుకో.

ప్రశ్న వేసినవారు:
చాలా థ్యాంక్స్ అన్నలూ. ఇప్పుడే చూశా, మొదలు వైపు గుండుసూది మొనంత రంధ్రాలు రెండున్నాయి, కింద తెల్లటి పొడి రాలింది. పూసేస్తే మూసుకుపోతాయా?

జవాబు (దేవరకద్ర):
పూయకు, ఆగు. అది పుచ్చు, లోపలి పిండి తింటున్న పురుగు. వెలిగారం, బోరిక్ పౌడర్ వేడినీళ్లలో కరిగించి కర్రను అందులో నాననివ్వు, రంధ్రాల్లోకి సిరంజితో ఎక్కించు. మళ్లీ నీడన పూర్తిగా ఎండాక కొన్నాళ్లు కింద కాగితం పరిచి ఉంచు. కొత్త పొడి రాలకపోతేనే వార్నిష్ డబ్బా తెరువు. కోసిన రెండు చివర్లకూ పూత తప్పకుండా పట్టించు, నీళ్లు దూరేది అక్కడి నుంచే.