చంద్రపూర్‌లో కిరాయిదారు ఖాళీ చేస్తలేడు, నోటరీ అగ్రిమెంటు పనికొస్తుందా?

చాందా ఇంటివాడు:
అన్నలకు నమస్తే. చంద్రపూర్‌లో మా ఇంటి పై వాటా కిరాయికిచ్చాం. నెలకు 7,000, డిపాజిట్ 20,000. 500 రూపాయల స్టాంపు కాగితం మీద 11 నెలలకు రాసి నోటరీ చేయించాం, రిజిస్ట్రేషన్ లేదు. గడువు దాటిపోయింది, 5 నెలల కిరాయి బాకీ. తమ్ముడి పెళ్లయింది, వాటా మాకే కావాలి. మంచిర్యాల చుట్టాలు రెంట్ కంట్రోలర్ దగ్గర కేసు వేయమంటున్నారు. ఇక్కడివాళ్లు కరెంటు తీసేయమంటున్నారు. ఏం చేయాలి?

రాజురా కోర్టు దారి:
కరెంటు, నీళ్ల జోలికి అస్సలు వెళ్లకండి అన్నా. మహారాష్ట్ర రెంట్ కంట్రోల్ చట్టం, 1999లో 29వ సెక్షన్ దాన్ని నేరం అంటుంది, జైలు శిక్ష కూడా ఉంది. తాళం మార్చి సామాను బయట పెడితే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద అతను 6 నెలల్లోపు దావా వేసి తిరిగి లోపలికి రావచ్చు. అప్పుడు ఇల్లు ఎవరిదన్న ప్రశ్న కోర్టు చూడదు.

మంచిర్యాల సలహా అక్కడి ఇళ్లకు. ఇల్లు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ చట్టమే. ఇక్కడ దావా స్మాల్ కాజెస్ కోర్టులో, అది లేనిచోట సివిల్ జడ్జి జూనియర్ డివిజన్ దగ్గర. చట్టం దాని షెడ్యూళ్లలో (చివర ఇచ్చిన జాబితాల్లో) ఉన్న ఊళ్లకే వర్తిస్తుంది కాబట్టి, పల్లెల్లో ఇళ్లున్నవాళ్లు వకీలుతో ముందు అది చూపించుకోవాలి.

కాగితాల పని:
నోటీసు దగ్గరే చాలా కేసులు చెడతాయి. కిరాయి బాకీ మీద ఖాళీ చేయించాలంటే 15వ సెక్షన్ ప్రకారం ముందు రాతపూర్వక డిమాండ్ నోటీసు ఇవ్వాలి, అది అందిన రోజు నుంచి 90 రోజులు ఆగాలి. పోస్టు చేసిన రోజు నుంచి లెక్కేసి తొందరపడితే గడువుకు ముందే వేశారని దావా నిలవదు. నోటీసులో ఏ నెలకు ఎంత అని విడివిడిగా రాయండి. కరెంటు బిల్లు, రంగుల ఖర్చు కలిపి మొత్తం పెంచేస్తే అవతలి వకీలుకు అదే పట్టు. అందినట్టు సంతకం వచ్చే పోస్టులో పంపి, ఆ రసీదు, కవరు రెండూ దాచండి. తీసుకోనని తిప్పి పంపినా ఆ కవరు సాక్ష్యమే.

ఇంకో చిక్కు ఉంది. సమన్లు అందాక 90 రోజుల్లో బాకీ మొత్తం, ఏడాదికి 15 శాతం సాదా వడ్డీ, కోర్టు ఖర్చులు కట్టి, ఆపై కిరాయి సక్రమంగా కడుతూ పోతే బాకీ కారణంగా ఖాళీ చేయించే డిక్రీ (కోర్టు తీర్పు) రాదు. అందుకే ఒక్క బాకీనే నమ్ముకోవద్దు. 16వ సెక్షన్‌లోని సొంత అవసరం కారణాన్నీ అదే దావాలో పెట్టండి. తమ్ముడి పెళ్లి కార్డు, రేషన్ కార్డు, ఇంట్లో గదులు ఎన్ని, మనుషులు ఎంతమంది అన్న లెక్క సిద్ధం చేసుకోండి. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ ఇబ్బంది అని కోర్టు తూచి చూస్తుంది, ఒక్కోసారి వాటాలో కొంత భాగానికే డిక్రీ ఇస్తుంది.

గెలిచాక కూడా జాగ్రత్త. ఇల్లు చేతికొచ్చిన నెలలోపు తమ్ముడు అందులో చేరాలి, ఏడాదిలోపు ఇంకొకరికి కిరాయికివ్వకూడదు. ఇస్తే పాత కిరాయిదారు 17వ సెక్షన్ కింద తిరిగి వచ్చే హక్కు అడగవచ్చు.

చాందా ఇంటివాడు:
24వ సెక్షన్‌లో త్వరగా అవుతుందంటున్నారు?

రాజురా కోర్టు దారి:
అది నివాసానికిచ్చిన లీవ్ అండ్ లైసెన్స్‌కు, అంటే కిరాయి హక్కు కాకుండా కొంతకాలం ఉండేందుకు అనుమతి మాత్రమే ఇచ్చే ఒప్పందానికి. మీ కాగితం భాడే కరారా (కిరాయి ఒప్పందమా), లీవ్ అండ్ లైసెన్సా అన్నది ముందు చూడండి. లైసెన్స్ అయితే కాంపిటెంట్ అథారిటీ (ఇలాంటి కేసులకు ప్రభుత్వం నియమించిన అధికారి) దగ్గర దరఖాస్తు. సమన్లు అందిన 30 రోజుల్లో అతను వాదించేందుకు అనుమతి అడగాలి, లేకపోతే దరఖాస్తులోని మాట ఒప్పుకున్నట్టే. గడువు తర్వాతి కాలానికి లైసెన్స్ ఫీజుకు రెట్టింపు పరిహారం కూడా ఉంది.

మీకు అడ్డు వచ్చేది రిజిస్ట్రేషన్ లేకపోవడం. 11 నెలలైతే అక్కర్లేదన్న మాట మహారాష్ట్రలో చెల్లదు. 55వ సెక్షన్ ప్రకారం లీవ్ అండ్ లైసెన్స్ అయినా రాసి రిజిస్టర్ చేయించే బాధ్యత ఇంటి యజమానిదే. చేయించకపోతే షరతుల మీద కిరాయిదారు మాటే చెల్లుతుంది, తప్పని మీరు రుజువు చేయాలి. శిక్షగా 3 నెలల వరకు జైలు లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ అని రాసి ఉంది. మీరు సివిల్ దావాకే సిద్ధపడటం మేలు.

కాగితాల పని:
లీవ్ అండ్ లైసెన్స్‌గా రాసుకుంటే స్టాంపు డ్యూటీ పెద్దదేం కాదు, అందుకే రిజిస్ట్రేషన్ వదిలేయడం బాధగా ఉంటుంది. 11 నెలల కిరాయి 77,000, డిపాజిట్ మీద ఏడాదికి 10 శాతం వడ్డీ లెక్కన సుమారు 1,833. ఈ మొత్తం మీద 0.25 శాతం అంటే 200 లోపే, దీనికి రిజిస్ట్రేషన్ ఫీజు అదనం. ఆన్‌లైన్‌లోనే అవుతుంది.

నోటీసు తర్వాత అతను కిరాయి ఇస్తే తీసుకోండి, కానీ కేసు హక్కులకు భంగం లేకుండా బాకీలో జమ చేసుకున్నామని రసీదు మీద రాయండి. రసీదు ఇవ్వకపోవడం కూడా 26వ సెక్షన్ కింద తప్పే. బ్యాంకులో వేయిస్తే ఇంకా మంచిది.