ముసురు పడితే ఇంజిన్ మిస్సింగ్: అన్నీ మార్చేయాలా, ముందు పరీక్షించాలా?

నాలుగు సిలిండర్లు:
పాత పెట్రోల్ కారు. ఇంజెక్షన్ బండే గానీ డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో ప్లగ్‌కీ వరసగా కరెంటు పంచేది) ఉంది. ఎండ రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు. ముసురు పట్టినా, పొద్దున్నే మంచు కురిసినా ఐడిల్‌లో వణుకుతుంది, గేరు వేసి కదిలిస్తే జర్క్ ఇస్తుంది. పావుగంట నడిచి వేడెక్కితే మామూలైపోతుంది. ప్లగ్గులు మార్పించాను, తేడా లేదు. ఇప్పుడు మెకానిక్ ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, అందులో తిరిగే రోటర్, ఓల్టేజీ పెంచే కాయిల్ అన్నీ ఒకేసారి మార్చేద్దాం అంటున్నాడు. సరే అనాలా?

పాత బండి:
అనేయండి. తడి రోజునే మిస్సింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగా అంటుకోకపోవడం) అంటే ఇగ్నిషనే, అంటే ప్లగ్‌కి నిప్పురవ్వ ఇచ్చే భాగాలే, వేరే ఆలోచన అక్కర్లేదు. ఆ వైర్లలో వేల వోల్టులు పోతాయి. వయసైపోయిన రబ్బరు సన్నగా పగిలినా పొడి గాలిలో ఎలాగో నెట్టుకొస్తుంది. చెమ్మ అంటిందంటే కరెంటు ప్లగ్ దాకా పోకుండా పక్కనున్న ఇనుములోకి దూకేస్తుంది. ఇంజిన్ వేడికి చెమ్మ ఆరిపోతుంది కాబట్టే పావుగంటకి బాగవుతోంది. ఎలాగూ అరిగే సరుకు. ఒక్కోదానికీ గ్యారేజీ చుట్టూ తిరిగే టెన్షన్ ఎందుకు?

మల్టీమీటర్:
పాత బండి గారూ, వేడెక్కితే బాగవడం పెట్రోల్-గాలి మిక్చర్ తేడాలో కూడా ఉంటుంది కదా. చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ సరిగా ఆవిరి కాదు, అందుకే ఇంజిన్ కంప్యూటర్ కాస్త ఎక్కువ పోయిస్తుంది. ఎంత పోయాలన్నది చాలావరకు కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ మాట మీదే. ఆ సెన్సర్ చల్లగా ఉన్న ఇంజిన్‌ని వేడిగా ఉందని చెబితే పెట్రోల్ చాలక తడబడుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే స్కానర్ పెడితే కూలెంట్, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రతలు రెండూ దాదాపు ఒకటే చూపాలి. ఇన్‌టేక్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) దగ్గర గాలి లీకైనా చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ బయటపడుతుంది.

అసలు ముందు తేల్చాల్సింది చలికా, తడికా అన్నది. పొడిగా ఉన్న చలి రోజు బండి ఎలా ఉంటోంది? వెచ్చగా ఉండి వాన పడే రోజు? అది అడక్కుండా కాయిల్ దాకా మార్చేయడం ఎలుక కోసం ఇల్లు తగలబెట్టడమే.

పాత బండి:
మీ పేరే మల్టీమీటర్ కాబట్టి అడుగుతున్నా. మీటర్ పెట్టి ఓమ్స్ చూసి "వైర్లు బాగున్నాయి" అనేవాళ్లు బోలెడుమంది. అది లోపలి తీగ తెగిందో లేదో చెబుతుంది. పైనున్న రబ్బరు సంగతి దానికేం తెలుస్తుంది?

మల్టీమీటర్:
ఆ మాట నిజం. దానికి నీళ్ల స్ప్రే కావాలి. చీకటి పడ్డాక ఆరుబయట బండి ఐడిల్‌లో పెట్టి, ఒక్కో వైరు మీదా సన్నటి తుంపర కొట్టాలి, చివర్లో క్యాప్, కాయిల్. లీకున్న చోట నీలం మెరుపు, టిక్ టిక్ శబ్దం. వైర్లని చేత్తో ముట్టుకోవద్దు, బెల్టు, ఫ్యాన్‌కి దూరంగా ఉండండి. తర్వాత ఇంజిన్ ఆపి క్యాప్ విప్పి లోపల సన్నని నల్లగీతలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ దారిలో కరెంటు పారిపోతున్నట్టే.

చోక్ రాజా:
కార్బ్యురేటర్ (ఇంజెక్షన్ బదులు పెట్రోల్‌ని గాలిలో కలిపే పాత పద్ధతి) బండ్లవాళ్లకి ఒక మాట. మనకి ఇది తిరగబడుతుంది. స్టార్టింగ్ బ్రహ్మాండం, కాసేపు నడిచాక పికప్ పడిపోతుంది, ఆపి కొద్దిసేపు ఉంచితే మళ్లీ మామూలు. పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు కార్బ్యురేటర్ గొంతు బాగా చల్లబడి, గాలిలోని తేమ అక్కడే ఐసు కడుతుంది. బయట గడ్డకట్టే చలి ఉండక్కర్లేదు, 10 డిగ్రీల తడి గాలి చాలు. ఎగ్జాస్ట్ పక్కనుంచి వేడిగాలి తెచ్చే గొట్టం ఊడిపోయిందేమో చూసుకోండి.

ఇంకోటి, డబ్ల్యూడీ-40 (చెమ్మని పోగొట్టే స్ప్రే) కొడితే ఇవన్నీ అక్కర్లేదంటారు, నిజమేనా?

మల్టీమీటర్:
చెమ్మని తరిమేస్తుంది, అంతవరకే. పగులు అలాగే ఉంటుంది. పైగా మండే సరుకు, నడుస్తున్న ఇంజిన్ మీద మాత్రం కొట్టకండి.

నాలుగు సిలిండర్లు:
చూశాను. పొడి చలిలో ఏమీ లేదు, వెచ్చటి వానలో కూడా మిస్సింగ్ ఉంది. స్ప్రే కొడితే మూడో సిలిండర్ వైరు, బ్రాకెట్‌కి రాసుకునే చోట, దారమంత నీలం మెరుపు. క్యాప్‌లో గీతల్లేవు. కాయిల్ తడిపినా మార్పు లేదు.

పాత బండి:
ఇగ్నిషనే అని మొదటే చెప్పాను.

మల్టీమీటర్:
చెప్పారు, దాంతోపాటు కాయిల్ కూడా కొనిపించబోయారు.

పాత బండి:
క్యాప్‌ది కూడా వైర్ల వయసే. వచ్చే ముసురుకి అదీ మొదలెడుతుంది.

మల్టీమీటర్:
మొదలెట్టినప్పుడు మారుద్దాం. ఇప్పటికి వైర్ల సెట్ ఒక్కటే వేయించండి. మూడో వైరుని క్లిప్పులో పెట్టించడం మర్చిపోకండి, లేదంటే కొత్తదీ ఆ బ్రాకెట్‌కే రాసుకుంటుంది.