పాలకొల్లులో ఫ్రిజ్ రిపేర్: గ్యాస్ ఎక్కించాలంటున్నారు, ఇచ్చేయమంటారా?

దూరపు_కొడుకు:
అమ్మానాన్న పాలకొల్లులో, నేను బెంగళూరులో. వాళ్ల డబుల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఐస్ బాగానే కడుతోంది, కింద మాత్రం పాలు విరిగిపోతున్నాయి. నెట్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబరుకి చేస్తే ఒకతను వచ్చి, పైపైన చూసి, గ్యాస్ అయిపోయింది, 4,500 అవుతుంది, సగం ఇప్పుడే ఇవ్వండి అన్నాడట. బిల్లు మాత్రం ఇవ్వనన్నాడు. అమ్మ ఇన్సులిన్ కూడా అందులోనే, అందుకే టెన్షన్‌గా ఉంది. అక్కడ నమ్మకంగా చేసేవాళ్లని ఎలా పట్టుకోవాలి?

భీమవరం_మెకానిక్:
డబ్బు ఇవ్వకండి. పైన అంత బాగా ఐస్ కడుతోందంటే గ్యాస్ ఉన్నట్టే అనుకోవచ్చు. ఫ్రాస్ట్ ఫ్రీ, అంటే మంచుని దానంతటదే కరిగించుకునే మోడల్లో చల్లగాలిని ఫ్యాన్ తోస్తేనే కిందికొస్తుంది, ఆ మంచు కరిగించే డీఫ్రాస్ట్ హీటరో సెన్సరో పోతే ఫ్రీజర్ వెనక గోడ లోపలుండే కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుకుని గాలి దారి మూసుకుపోతుంది. ప్లగ్ పీకి, తలుపులు తెరిచి ఒక రోజంతా వదిలేయండి. తర్వాత కొన్నాళ్లు బాగా పనిచేసి మళ్లీ అదే వరసైతే తేడా డీఫ్రాస్ట్‌లోనే, అసలు మార్పే లేకపోతే ఫ్యాన్ మోటారు చూపించండి. గ్యాస్ వాడేకొద్దీ తరిగేది కాదండీ, లీకైతేనే పోతుంది. లీకు పట్టకుండా, వాక్యూమ్ చేయకుండా, అంటే పైపుల్లో గాలీ తేమా లాగేయకుండా ఎక్కిస్తే మళ్లీ మొదటికే. పైగా కొత్త ఫ్రిజ్‌ల్లో చాలావాటిలో ఉండేది ఆర్600ఏ, మండే గ్యాస్, పని రానివాడు వంటింట్లో పైపులు అతికే మంట టార్చ్ వెలిగిస్తే ప్రమాదం.

గోదారి_గట్టు:
సెర్చ్‌లో కనిపించే నంబర్లని నమ్మొద్దు, కంపెనీ పేరు పెట్టుకుని ఎవరెవరో ఎత్తుతారు. వారంటీ కార్డు మీదున్న నంబరుకే చేయండి. కంప్రెసర్‌కి పదేళ్ల వారంటీ చాలా మోడళ్లకి ఉంటుంది, గ్యాస్‌కీ కూలికీ వేరే తీసుకుంటారు. కంపెనీ మనిషి రావడం ఆలస్యమయ్యేలా ఉంటే ఫ్రిజ్ కొన్న షాపులోనే అడగండి, ఊళ్లో సొంత షాపున్న మెకానిక్ ఎవరో వాళ్లకి తెలుస్తుంది. రేపు మళ్లీ ఇబ్బందైతే వెళ్లి అడగడానికి ఒక చోటుండాలి, నా లెక్కలో అదే ముఖ్యం. మార్చిన పాత పార్టు అడిగి తీసుకోండి. కంపెనీ సర్వీసు మీద ఫిర్యాదుకి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నర్సు_అక్క:
ముందు ఇన్సులిన్ సంగతి చూడు తమ్ముడూ. సీలు తీయనివి పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టించు, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు, గడ్డకడితే ఇక పనికిరాదు.

దూరపు_కొడుకు:
పక్కింటి పిన్నిగారి దగ్గర పెట్టించానక్కా. నాన్న ప్లగ్ తీసేశారు. వారంటీ కార్డు దొరకట్లేదు, మోడల్ నంబర్ ఎక్కడుంటుంది?

భీమవరం_మెకానిక్:
కింద తలుపు తీస్తే లోపల పక్క గోడ మీద స్టిక్కర్ ఉంటుంది, లేకపోతే ఫ్రిజ్ వెనక చూడమనండి. ఫోటో తీయించి పెట్టుకోండి, పార్టు తెప్పించాలన్నా అదే కావాలి.