ఎఫ్-14 సీటుకి ఇద్దరొచ్చారు: ఈసారి కచేరీ టికెట్లు ఎలా అమ్మాలి?

గోదారి గట్టు (ప్రశ్న):
నమస్కారమండీ. మాదొక చిన్న సంగీత సమితి. ఏటా ఫిబ్రవరి 11న, ఘంటసాల వర్ధంతి రోజున పాట కచేరీ పెడతాం. హాల్లో 640 సీట్లు, టికెట్ 300 రూపాయలు. ఎన్నో ఏళ్లు టికెట్ పుస్తకాలు అచ్చు వేయించి అమ్మాం, ఏ గొడవా లేదు. పోయినేడాది కుర్రాళ్లు ఆన్‌లైన్ అన్నారు. సరేనని ఒక ఫారం, ఒక యూపీఐ నంబరు పెట్టాం, టికెట్ వాట్సాప్‌లో పంపాం. తీరా ఆ సాయంత్రం ఎఫ్-14లో ఒక పెద్దావిడ కూర్చుని ఉండగా, అదే నంబరు ఫోన్‌లో చూపిస్తూ ఇంకొకాయన వచ్చి నిలబడ్డాడు. ఆవిడ లేవనంటుంది, ఆయన కదలనంటాడు, స్టేజీ మీద ప్రార్థన గీతం మొదలైపోయింది. ఇలాంటివి మొత్తం 11 సీట్లు. అంతా అయ్యాక లెక్క చూస్తే 23 టికెట్ల డబ్బు ఖాతాలోకి రానేలేదు. వాళ్లు పంపిన స్క్రీన్‌షాట్లు మాత్రం భద్రంగా ఉన్నాయి. పెద్ద టికెట్ సైట్లకి కమీషన్ ఇచ్చే స్తోమత మాకు లేదు. ఎక్కడ దిద్దుకోవాలి?

పాత గుమస్తా:
డబ్బు సంగతి నేను చెప్తాను, ముప్ఫై ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. స్క్రీన్‌షాట్ రసీదు కాదండీ, బొమ్మ. అచ్చం అలాంటి బొమ్మలు తయారుచేసే దొంగ యాప్‌లే ఉన్నాయి. ప్రతి యూపీఐ చెల్లింపుకీ 12 అంకెల నంబరొకటి ఉంటుంది, యూటీఆర్ అంటారు. ఫారంలో అదే అడగండి. రోజూ రాత్రి ఖాతా స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని టిక్కు పెట్టండి. కలిసినవాళ్లకే టికెట్. డబ్బు సమితి ఖాతాలోనే పడాలి. సెక్రటరీ గారి సొంత నంబరు ఇస్తే ఆయన పాల బిల్లూ మీ టికెట్ల డబ్బూ కలిసిపోతాయి, విడదీయడం బ్రహ్మతరం కాదు.

ఇంకో చిట్కా. పైసలు వాడుకోండి. ఆ రోజు ఫారం పంపిన వరుసలో 47వ వాళ్లకి 300.47 కట్టమని మెసేజ్ పెట్టండి, రెండు టికెట్లయితే 600.47. స్టేట్‌మెంట్లో ఆ అంకె చూడగానే ఎవరిదో తెలిసిపోతుంది. రోజుకి వంద బుకింగులు దాటవు కాబట్టి మీకు సరిపోతుంది.

గేటు దగ్గర మనిషి:
గుమస్తా గారు చెప్పింది సగం. నేను హైదరాబాద్‌లో ఈవెంట్లకి గేటు చూస్తుంటాను. పదకొండు సీట్లు డబుల్ అయ్యాయంటే మీ దగ్గర ఒకటికి మించి లిస్టులు ఉండి ఉండాలి. కమిటీలో ఎవరి వాట్సాప్‌లో వాళ్లు సీట్లు రాసుకున్నారా?

గోదారి గట్టు:
ఎలా కనిపెట్టారండీ? ముగ్గురు రాశారు. మూడో లిస్టు మా కోశాధికారి గారి డైరీలో ఉంది, అది మాకు కచేరీ అయ్యాకే తెలిసింది.

గేటు దగ్గర మనిషి:
అదే జబ్బు. ముందు, ఫారంలో సీటు నంబరు ఎంచుకోనివ్వకండి. ఎఫ్-14 అయిపోయిందని మామూలు ఫారానికి తెలియదు, ఎంతమంది నొక్కితే అంతమంది దగ్గరా తీసుకుంటుంది. ఎన్ని టికెట్లు కావాలో అడగండి, చాలు. డబ్బు ఖాతాలో పడిన వరుసలో సీట్లు మీరే వేయండి. కుటుంబాలు పక్కపక్కన కూర్చోవడం కూడా అప్పుడే కుదురుతుంది. సీటుకో గడి చొప్పున షీటు ఒకటే ఉండాలి, అందులో రాసే చెయ్యి ఒకటే ఉండాలి. మిగతావాళ్లకి చూసే పర్మిషన్ ఇస్తే చాలు. ‘మా బావగారికి నాలుగు ఆపు’ అని ఫోన్ వస్తే ఆపండి, మర్నాడు సాయంత్రం ఆరు దాకా. ఆరు దాటితే వదిలేయండి, బావగారైనా సరే.

ఇక గేటు. ఒక టికెట్ చూసి లోపలికి పంపడానికి పది సెకన్లు వేసుకోండి. ఒక మనిషి నిమిషానికి ఆరుగుర్ని పంపుతాడు. 600 మందికి వంద నిమిషాలు. మనవాళ్లు వచ్చేదేమో ఆఖరి అరగంటలో. అంటే నలుగురు ఉండాలి, అప్పుడు 25 నిమిషాలు. ఆ నలుగురికీ వరుసలు పంచేయండి: ఏ నుంచి డి దాకా ఒకరికి, అలా. ఎవరి వరుసల లిస్టు వాళ్ల చేతిలో కాగితం మీద ఉండాలి. హాలు లోపల సిగ్నల్ ఉండదు, ఫోన్లో షీటు తెరుచుకోదు, వెనక క్యూ అరుస్తుంటుంది. నాకు అనుభవమే. టికెట్ మీద కొన్నవాళ్ల పేరు, ఫోన్ నంబరు చివరి నాలుగంకెలు వేయండి. ఒకే టికెట్ నలుగురికి ఫార్వర్డ్ చేస్తే ముందొచ్చినవాళ్లకి లిస్టులో టిక్కు పడుతుంది, రెండోవాడు అక్కడే దొరుకుతాడు. టీకి బయటికెళ్లేవాళ్లకి చేతి మీద రబ్బరు స్టాంపు.

పాసుల సంగతి మీరు అడగలేదు గానీ గొడవ అక్కడే పుడుతుంది. దాతలకీ అధికారులకీ మొదటి రెండు వరుసలు అమ్మకం మొదలవకముందే షీటులో నల్లగా కొట్టేయండి. నాలుగు పాసులిస్తే తొమ్మిదిమంది వస్తారు, అది మామూలే.

గోదారి గట్టు:
ముందు వరుసలకి టికెట్ 600 చేద్దామంటున్నారు కొందరు. పరవాలేదా?

పాత గుమస్తా:
సంగీత కార్యక్రమం టికెట్ మనిషికి 500 దాటకపోతే జీఎస్టీ లేదు. దాటితే 18 శాతం. మీ సమితికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో, అవసరమో కాదో ఆడిటర్‌ని అడగండి. నన్నడిగితే 500 దగ్గర ఆగడం సుఖం.

చివరి బెంచీ:
మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. నాది కొనేవాడి బాధ. పోయిన వారం ఒక సైట్లో కచేరీ టికెట్‌కి 2,500 కట్ అయింది, టికెట్ రాలేదు. రెండోసారి కట్టాలా?

పాత గుమస్తా:
ముందు మీ బుకింగుల పేజీ, మెయిల్ చూసుకోండి. ఒక్కోసారి టికెట్ వచ్చే ఉంటుంది, మెసేజే రాదు. చెల్లింపు ఫెయిలైతే, రిజర్వు బ్యాంకు 2019లో పెట్టిన నియమం ప్రకారం డబ్బు కట్ అయిన రోజు తర్వాత 5 రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలి. ఆ పైన ఆలస్యానికి రోజుకి 100 రూపాయలు మీకివ్వాలి. యూపీఐ యాప్‌లోనే ఆ లావాదేవీ తెరిచి కంప్లయింట్ పెట్టండి. డబ్బు సైటుకి చేరి కూడా టికెట్ ఇవ్వకపోతే అది వేరే సంగతి, అప్పుడు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అయిపోయిన టికెట్లు టెలిగ్రామ్‌లో ఎవరో అమ్ముతున్నారని మాత్రం వెళ్లకండి. 2024 సెప్టెంబరు 22న బ్రిటిష్ బ్యాండ్ కోల్డ్‌ప్లే ముంబై కచేరీ టికెట్లు పెట్టినప్పుడు క్యూలో లక్షల్లో నంబర్లు వచ్చాయి, కాసేపటికే వేరే చోట్ల అవే టికెట్లు ఎన్నో రెట్ల ధరకి ప్రత్యక్షమయ్యాయి. అలాంటివాటిలో ఏది అసలో ఏది నకిలీయో గేటు దాకా వెళ్తే గానీ తెలియదు. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, గంటలు గడిచేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

గోదారి గట్టు (ఫిబ్రవరి 12):
నిన్న అయిపోయిందండీ. 587 టికెట్లు, పైసలతో సహా లెక్క సరిపోయింది. గేటు దగ్గర ఐదుగురు పాత స్క్రీన్‌షాట్లతో వచ్చారు, లిస్టులో పేరు లేదని చెప్తే ముగ్గురు అక్కడికక్కడే డబ్బు కట్టారు. డబుల్ అయింది ఒక్క సీటే: హెచ్-9. షీటులో రాసే బాధ్యత మా కోశాధికారి గారికే అప్పగించాం. ఆయన షీటుతో పాటు అలవాటు కొద్దీ డైరీలో కూడా రాశారు.