చెకప్‌కి వచ్చిన గర్భిణిని డబ్బు ఇబ్బందుల గురించి అడగాలా?

ఆరిలోవ కోడలు:
నాకు ఏడో నెల. చెకప్‌కి వెళ్తే బరువు, బీపీ చూస్తారు, రక్తం తక్కువుంటే ఐరన్ మాత్రలిస్తారు. ఇంటద్దె టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదన్న సంగతి మాత్రం ఎవరూ రాసుకోరు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 2010లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. గర్భిణుల్ని, పసిపిల్లల తల్లుల్ని చూసే నర్సులే డబ్బు సంగతి అడిగి, రావలసిన సాయం ఇప్పించే సలహాదారుల దగ్గరికి పంపుతారు. మన విశాఖ హెల్త్ సెంటర్లలోనూ అడగాలంటాను. మీరేమంటారు?

వాల్తేరు మాష్టారు:
వద్దంటాను. అక్కడ అడిగాక పంపడానికో చోటుంది. ఇక్కడ? హెల్త్ సెంటర్ నర్సు, అదే ఏఎన్‌ఎమ్ అమ్మాయి, ఇప్పటికే టీకాలు, రిజిస్టర్లు, యాప్‌లతో తలమునకలై ఉంటుంది. పైగా పక్కన అత్తగారు కూర్చునుంటే ఏ కోడలు నోరు విప్పుతుంది? ఇంటి గుట్టు బయటపెట్టిందని తర్వాత మాటలు పడాలి.

జాలారిపేట ఆశా:
అత్తగారి మాట నిజమే మాష్టారూ. అందుకే నేను "ఇబ్బందా?" అని అడగను. "మాతృ వందన డబ్బులు పడ్డాయా?" అంటాను. దానికెవరూ నామోషీ పడరు, మిగతా కథంతా వెనకే వస్తుంది. అది గర్భిణులకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సాయం, అర్హత ఉంటే తొలి కానుపుకి 5,000 రూపాయలు. పేరు నమోదై చెకప్ అయ్యాక 3,000, బిడ్డకి మొదటి విడత టీకాలు పూర్తయ్యాక 2,000. రెండో కానుపులో ఆడపిల్ల పుడితే 6,000. ఆగేదెక్కడంటే, ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో అత్తింటిది. లేదా ఎప్పుడో మూలపడేసిన ఖాతాకి ఆధార్ లింకై ఉంటుంది. డబ్బు అందులో పడితే, ఈవిడ ఇంకో బ్యాంకు చుట్టూ తిరుగుతుంది.

మా పేటలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం. ఆ రోజుల్లో నెలలు నిండితే చెవిదిద్దులు తాకట్టుకి వెళ్తాయి. సర్కారు ఆసుపత్రిలో కానుపు, ఆపరేషన్, మందులు, రక్తం, తల్లికి భోజనం, ఇంటికి దింపే బండి, అన్నీ 2011 నుంచి ఉచితం. ముందే తెలిస్తే ఆ దిద్దులు ఇంట్లోనే ఉంటాయి కదా.

వాల్తేరు మాష్టారు:
చెప్పడం వేరు, అడగడం వేరమ్మా. చెప్పండి, కాదనను. కానీ ఉచితమన్న చోటే బిడ్డని చూపించడానికి ఆసుపత్రి సిబ్బంది డబ్బుకి చెయ్యి చాపుతారు. మా ఇంట్లోనూ ఇచ్చాం. దాన్నెలా ఆపుతారు?

జాలారిపేట ఆశా:
నేనాపలేను. ఉచితమని తెలిసినవాళ్లు ఎందుకివ్వాలని నిలదీస్తారు, తెలియనివాళ్లు అయిదొందల నోటు తీస్తారు.

గాజువాక నాన్న:
మా ఆవిడ బట్టల షాపులో పనిచేస్తోంది. అయిదో నెల రాగానే మానేయమన్నారు. జీతం స్లిప్పు లేదు. ఇదీ హెల్త్ సెంటర్‌లో చెప్పుకోవచ్చా?

జాలారిపేట ఆశా:
చెప్పండి గానీ అది మా చేతిలోది కాదు, లేబర్ ఆఫీసుకి వెళ్లాలి. ఆ షాపులో పదిమందో ఆపైనో పనిచేస్తుంటే, కానుపుకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసినవాళ్లకి 26 వారాల జీతంతో సెలవుంది. జీతం ఫోన్‌పేలో పడుతుంటే ఆ మెసేజీలు చెరిపేయకండి బాబూ. హాజరు పుస్తకం ఫోటో దొరికితే అదీ తీసి పెట్టుకోండి.