నలుగురం కలిసి భూమి కొంటున్నాం, దస్తావేజు ఎవరి పేరున ఉండాలి?

రాజాం వాసి:
పూసపాటిరేగ దగ్గర రెండెకరాల జిరాయితీ (ప్రైవేటు పట్టా) మెట్టు భూమి బేరానికి వచ్చింది. నేను, మా బావమరిది, మాతో పనిచేసే మరో ఇద్దరు సమానంగా డబ్బు వేసుకుని కొని, మూడేళ్లు ఉంచి అమ్ముకోవాలని అనుకుంటున్నాం. నలుగురూ రిజిస్ట్రేషనుకు రానక్కర లేదనీ, బావమరిది ఒక్కడి పేరున చేయించి మిగిలిన ముగ్గురం వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించుకుంటే చాలుననీ మధ్యవర్తి అంటున్నాడు. ఇలా చేసినవారు ఉంటే దయచేసి అనుభవం చెప్పండి.

నెల్లిమర్ల మాస్టారు:
అలా చేసినవారిలో నేనొకణ్ణి. భోగాపురం విమానాశ్రయం మాట మొదలైన రోజుల్లో ముగ్గురం కలిసి ఎకరంన్నర కొని, మాలో పెద్దవాడని ఒకాయన పేరున రిజిస్టరు చేయించాం. ఆయన మాట తప్పే మనిషి కాదు, తప్పలేదు కూడా. అయితే నాలుగేళ్లకు గుండెపోటుతో పోయారు. పెద్దకర్మ నాడు పంక్తిలో కూర్చుని భూమి సంగతి ఎత్తలేకపోయాం. ఆరు నెలలు ఆగి అడిగితే, పాసు పుస్తకం అప్పటికే కొడుకుల పేరున మారిపోయింది. మా స్టాంపు కాగితంలో ‘డబ్బు ముట్టినది’ అని ఉందే తప్ప ఎందుకు ముట్టిందో, ఏ సర్వే నంబరు కోసమో లేదు. ఆ పిల్లలను తప్పు పట్టలేను, వాళ్ల నాన్న ఇంట్లో చెప్పి ఉంటే కదా! చివరకు పెద్దమనుషుల మధ్య అసలు సొమ్ము మాత్రం, అదీ మూడు విడతల్లో, చేతికి వచ్చింది.

దస్తావేజు లేఖరి, శ్రీకాకుళం:
మాస్టారి కాగితంలో సర్వే నంబరు రాసి ఉన్నా పెద్దగా ఉపయోగం ఉండేది కాదు. మన డబ్బుతో మరొకరి పేరున కొన్న ఆస్తి మనదేనని దావా వేసే దారిని 1988 నాటి బినామీ చట్టమే చాలావరకు మూసేసింది. 2016 సవరణ తరువాత ఆస్తి జప్తుతో పాటు ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడే అవకాశం కూడా ఉంది. కనుక నలుగురి పేర్లూ, ఎవరి వాటా ఎంతో, ఎవరి ఖాతా నుంచి ఎంత వెళ్లిందో విక్రయ దస్తావేజులోనే రాయించండి. బయానాతో సహా ఇరవై వేలు, ఆపైన నగదుగా ఇవ్వకండి. వాటా అమ్మదలచినవాడు ముందుగా మిగిలిన ముగ్గురినీ అడగాలన్న షరతును వేరే ఒప్పందంలో పెట్టుకోండి, లేకపోతే ముక్కూ ముఖం తెలియనివాడు మీ గట్టు మీదకు నాలుగో భాగస్తుడిగా వస్తాడు. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివర పత్రం), 22ఎ జాబితా (రిజిస్ట్రేషను నిషేధించిన భూముల పట్టిక) చూడటం సరే. ఈ ప్రాంతం ఒకప్పుడు ఎస్టేటు (జమీందారీ) గ్రామాలది కాబట్టి, ఎస్టేట్లు రద్దయ్యాక ఏ భూమి ఎలాంటిదో, ఎవరిదో రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ కూడా తీయించి చూడండి.

డెంకాడ నుంచి:
నాలుగు పేర్లు ఉంటే నాలుగు సంతకాలూ కావాలన్నది కూడా మరచిపోవద్దు. మా భాగస్తుడు ఒకడు మస్కట్‌లో ఉండగా మంచి బేరం వచ్చింది. అతని తరఫున సంతకం పెట్టే అధికారపత్రం (జీపీఏ) వచ్చేసరికి కొనేవాడు విసిగి బయానా వెనక్కి తీసుకున్నాడు.

దస్తావేజు లేఖరి, శ్రీకాకుళం:
నిజమే. విదేశాలకు వెళ్లేవారు బయలుదేరే ముందే ఇక్కడ రిజిస్టర్డ్ జీపీఏ ఇచ్చి వెళ్లడం మేలు. అయితే ఇచ్చినవాడు చనిపోతే మామూలు జీపీఏ చెల్లదు.

డెంకాడ నుంచి:
కొలతల సంగతి ఎవరూ ఎత్తలేదు. కాగితం మీద మాది రెండెకరాలే, గొలుసు వేయిస్తే ఎకరా ఎనభై రెండు సెంట్లు తేలింది. మిగతాది గెడ్డలో (వాగులో) ఉంది. కాగితం లెక్కన డబ్బు కట్టేశాం. ఆ పద్దెనిమిది సెంట్ల నష్టం ఎవరు భరించాలన్న దగ్గరే మా నలుగురికీ మొదటి మాటా మాటా వచ్చింది.

రాజాం వాసి:
అందరికీ కృతజ్ఞతలు. నాలుగు పేర్లూ ఉండాలంటే బావమరిది ముఖం చిన్నబుచ్చుకున్నాడు. మాస్టారు రాసింది చదివి వినిపించాక మాత్రం ఇంకేమీ అనలేదు. బయానా ఆపాం. గురువారం సర్వేయరును రమ్మన్నాం, గెడ్డ వైపు నుంచే కొలవమని చెబుతాను.